పసుపు పోగు

అబద్ధం చెప్పేవాళ్లంతా నేరం దాచుకోవడానికే చెప్పరు, సిగ్గు దాచుకోవడానికి చెప్పేవాళ్లే ఎక్కువ, పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదీ చిక్కు అనుకుంటూ జలపతి చొక్కా జేబులో అదురుతున్న ఫోన్‌ను అరచేత్తో అదిమిపెట్టాడు. ఎత్తలేదు. ఆరేళ్లుగా మోగుతున్న ఫోన్ ఏదీ అతను ఎత్తడు. మోత ఆగాక, గుండె కుదుటపడ్డాక, తనే తిరిగి చేస్తాడు. ఎస్సైగా ఉన్న రోజుల్లో ఒక సాక్షి అతనికి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఇలాగే ఏదో ఆలోచనలో ఉండి ఎత్తలేదు. నాలుగోసారి వచ్చింది సాక్షి ఫోన్ కాదు, సాక్షి శవం దొరికిందన్న కబురు. ఉద్యోగం వదిలి జగిత్యాలలో ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. ఫోన్ ఎత్తని డిటెక్టివ్ అని ఊళ్లో పేరు పడింది.

నాలుగోసారి కూడా మోగి ఆగింది. టైము పదకొండూ ఇరవై.

"సార్, మీ పోను," అంది వజ్రమ్మ.

"మోగనీ అక్కా. నువ్వు చెప్పు. ఎన్ని బట్టలు నేసినవు?"

"ఒక్కటే. నిన్న ఆ మీసాల సారుకు గూడ గదే చెప్పిన."

సిరిసిల్లలో ఆ వీధి పొడుగునా సాంచాల చప్పుడు. మరమగ్గాలు లేని ఇల్లు అదొక్కటే. మధ్యగదిలో గుంట మగ్గం, గోడకు ఒక మేకు, ఆ మేకుకు జానెడు గుడ్డముక్క. ముదురు నీలం పట్టు మీద నల్లటి తాటి మట్టలు, వాటి సందుల్లోంచి వెండి చుక్కలు. చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూస్తే కనిపించే ఆకాశం. కోరుట్ల హన్మండ్లు గౌడ్ చేయించుకున్న కారు లోపలి పైకప్పుకు నేసిన బట్టకు అది నమూనా.

ప్రపంచం మొత్తం మీద అలాంటి కారు ఒక్కటే. తయారుచేసిన విదేశీ కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన మాట అది: రెండోది చేయం. హన్మండ్లు తండ్రి తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. కొడుకు దుబాయిలో మేస్త్రీగా మొదలై ఆకాశాన్నంటే భవనాలు కట్టే కాంట్రాక్టరయ్యాడు. డబ్బు లెక్కకు అందనంత పెరిగాక, పాత కార్లు కొని దాచుకునే మహా సంపన్నుల లోకంలోకి అడుగుపెట్టి, తన కోసం ఒక కారు కట్టించుకున్నాడు. మూడేళ్లు పట్టింది. డాష్‌బోర్డు పలక మొత్తం తండ్రి ఎక్కిన తాటిచెట్టు చెక్క. తాళంచెవి పిడి తండ్రి గీత కత్తి పిడి. పైకప్పు, తన డ్రైవర్ సత్తయ్య అక్క నేసిన బట్ట.

నాలుగు రోజుల కిందట కారు కోరుట్ల చేరింది. శుక్రవారం మంచి గడియలో ఎక్కుదామని హన్మండ్లు ఇంకా అందులో కూర్చోనేలేదు. నిన్న మధ్యాహ్నం అందరూ జగిత్యాల పెళ్లికి పోయినప్పుడు కారు మాయమైంది. మూడు గంటలకు రుద్రంగి దగ్గర ఒక మామిడితోటలో దొరికింది. ఒక్క గీత కూడా పడలేదు. దొంగ సత్తయ్యేనని, అక్కా తమ్ముళ్లు కలిసి చేశారని హన్మండ్లు సెక్యూరిటీ చూసే దశరథం తేల్చేశాడు. అక్క అబద్ధం చెబుతోందన్నది అతని మొదటి సాక్ష్యం. సాయంత్రం పోలీసులకు అప్పజెప్పేలోపు ఒకసారి చూడమని హన్మండ్లు జలపతిని పిలిపించాడు.

అబద్ధం చెబుతున్న మాట నిజమే. జలపతి అటక మీంచి రెండు నీలం పట్టు నూలు కండెలు తీసి, గోడ మీది నమూనా పక్కన పెట్టాడు.

"ఈ నీలం వేరు, ఆ నీలం వేరు. రంగు రెండుసార్లు అద్దకానికి పోయింది. రెండుసార్లు ఎందుకు పోయినట్టు?"

వజ్రమ్మ కళ్లు ఎటు పోతాయో అని జలపతి పావుగంట నుంచి కాచుకుని ఉన్నాడు. తలుపు వైపు పోతే పారిపోవాలని ఉన్నట్టు. తన వైపు పోతే ఎంత తెలుసో కొలుస్తున్నట్టు. ఆమె చూపు ప్రతిసారీ మగ్గం పైన వేలాడుతున్న ముసలామె ఫోటో మీదికే పోయింది. దండ కొత్తది.

"నువ్వు భయపడేది నాకు గాదక్కా. ఆమెకు."

వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగాక మాట బయటికొచ్చింది.

"మా అత్త, భూదేవమ్మ. ఆషాఢంల పోయింది. పోయిన నాలుగోనాడు పోనొచ్చింది సార్. మొదటి బట్ట ఆడ కారు కంపెనీల మిషిన్ల పడి కాలిందట. పది దినాలల్ల ఇంకోటి గావాలె, లేకుంటే నీ తమ్మున్ని పనిలకెంచి తీసేస్తరన్నడు. దినాలు గూడ కాలె. మైలల మగ్గం ముట్టద్దు. ముట్టిన. ఎవలకు జెప్పను? ఆమె కూసున్న మగ్గం, ఆమె మైలల…"

"బట్ట ఎవరు తీస్కపోయిండ్రు?"

"మాస్కు పెట్టుకొని ఒకాయన అచ్చిండు. మంచినీళ్లిస్తే ముట్టలె. మైలింట్ల తాగనన్నడు. పోతా పోతా ఏమన్నడో ఎర్కేనా? మైలల నేసినవని బయట పడితే సిరిసిల్లల నీ బట్ట ఎవ్వలు ముట్టరు, నేనైతే చెప్ప, నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకన్నడు."

తాళం వేసినవాడు తెలివైనవాడు. ఆమె సిగ్గునే తాళం చేసి ఆమె నోటికి వేశాడు. కారు కట్టేందుకు డబ్బుంటే ఏ రేకైనా వంచొచ్చు, ఏ చెక్కైనా తేవచ్చు, తాటిచెట్లకు కొదవ లేదు. వజ్రమ్మ చేతికి మాత్రం నకలు లేదు. రెండో బట్ట నేయించాడంటే…

"అక్కా, రెండు బట్టలు పక్కపక్కన పెడితే ఏది ఏదో గుర్తువడతవా?"

"ఎందుకు పట్ట? మొదటిదానికి పసుపు పోగుంటది."

"అంటే?"

"మా అత్త నేర్పింది. ఏ బట్టకైనా అడ్డం పేకల మొదటి పోగు పసుపుల ముంచి ఎయ్యాలె. ఆ అంచు కొయ్యద్దు, లోపటికి మలవాలె అని చెప్పి ఆమే గౌడ్ సాబ్ చేతుల పెట్టింది. కారుకు ఎనుక అద్దం కాడ మలిచిండ్రట."

"రెండోదానికి?"

వజ్రమ్మ అతన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

"మైలల పసుపెట్ల ముడ్త సార్?"

జలపతి అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూర్చుతున్నాడు.

*

వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్. బైకు ఎక్కడా ఆపలేదు, తిరిగి ఫోన్ చేయాలన్న ధ్యాస కూడా లేదు. కోరుట్లలో హన్మండ్లు గౌడ్ ఇంటి గేటు దగ్గర దిగేసరికి ఒంటి గంటా ఇరవై ఐదు. దశరథం గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. సీఐగా రిటైరయ్యాడు గాని మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. జలపతి ఎస్సైగా ఉన్నప్పుడు ఇద్దరూ పక్క పక్క మండలాల్లో పనిచేశారు.

"ఏంది జలపతన్నా, నాలుగుసార్లు జేసిన. ఎత్తుతె నీ సొమ్మేం బోతది?"

"ఎందుకు జేసినవ్?"

"టైం మారిందని చెప్పుటానికి. సత్తిగాన్ని సాయంత్రం గాదు, రెండు గంటలకే పోలీసులకు అప్పజెప్తున్నం. కంప్లైంట్ రాసుడయింది. జీపు బయలెల్లింది. నీకింక ముప్పై ఐదు నిమిషాలున్నయ్. చాయ్ తాగిపో."

మళ్లీ ఒక ఫోన్. సాయంత్రం దాకా టైముందనుకుని జలపతి రుద్రంగి మామిడితోట దాటేసి వచ్చాడు. ఎత్తి ఉంటే దారిలోనే అక్కడ పది నిమిషాలు ఆగేవాడు. లారీ టైర్ల జాడలు ఉన్నాయేమో చూసేవాడు. ఇప్పుడు ఆ పది నిమిషాలు లేవు.

"బండి చూస్త."

"చూడు. నిన్నటి సంది ఎవ్వన్నీ ముట్టనియ్యలె. రుద్రంగి నుంచి నడిపిచ్చుకుంట తెస్తే సాక్ష్యాలు చెడిపోతయని ట్రాలీ లారీ మీద తెప్పిచ్చి, ఎత్తి దించిన. అట్ల జేస్తరు పని."

జలపతి నడుస్తున్నవాడు ఆగాడు.

"తోటల దొరికినకాణ్నుంచి చక్రం తిరగలేదా?"

"ఒక్క చుట్టు గూడ."

గేటు పక్క గదిలో సత్తయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక గార్డు. నలభై ఏళ్ల మనిషి, ఒక్క రాత్రిలో చెంపలు లోపలికి పోయాయి. జలపతి కిటికీ దగ్గరే నిలబడి అడిగాడు.

"సత్తన్నా, నిన్న షెడ్డుకు ఎన్ని గంటలకు తాళమేసినవ్?"

"పన్నెండూ యాభై. తాళంచెవి ఆఫీసు గదిల మేకుకు పెట్టిన. గౌడ్ సాబ్ మేనల్లుడు అభినవ్ సారు, మేమంత పెండ్లికి పోతున్నం గద, మీ అక్కను జూసి రా పో అన్నడు. రుద్రంగిల చాయ్ తాగిన, ఒకటీ ముప్పావు. నేను సిరిసిల్లల ఉన్నప్పుడే పోనొచ్చింది, బండి పోయిందని."

"చాయ్ హోటల్ కెమెరాల పడ్డవు గద," అన్నాడు దశరథం వెనక నుంచి. "ముంగట బైకు మీద నువ్వు, ఎనుక బండిల నీ దోస్తు. ఆ దోస్తు పేరే చెప్తలేడన్నా."

సత్తయ్య అతన్ని పట్టించుకోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని జలపతి ముఖంలోకి చూశాడు.

"సార్, పొద్దటి సంది చెప్తున్న, అందరు నవ్వుతుండ్రు. లారీ మీంచి దించినంక ఒకసారి స్టార్టు జేసి ఆపిండ్రు. హైదరాబాద్ నుంచి ఆ బండి తెచ్చినోన్ని నేను. దాన్ని ఆపినంక బీడీ కాల్చినంత సేపు లోపట టిక్ టిక్ అంటది, ఇనుము సల్లారుతున్నట్టు. ఇది ఊకున్నది. ఇది నేను నడిపిన బండి గాదు."

గార్డు కిసుక్కున నవ్వాడు. జలపతి నవ్వలేదు. ఆ కారును నడిపిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. వాడు దొంగయితే వాడి మాట ఎవడు నమ్ముతాడు? కారుతో పాటు సత్తయ్య నోరు కూడా మాయం కావాలి. ఎత్తుగడలో ఆ రెండో సగమే అసలైనది.

*

షెడ్డు తలుపు పైకి లేచింది. లోపల తెల్లటి లైట్ల కింద కారు. పొడవాటి ముందు భాగం, తడి మట్టి రంగు, అద్దాల్లోంచి తాటి చెక్క మెరుపు. పక్కన హన్మండ్లు గౌడ్, అరవై ఏళ్లు, తెల్ల అంగీ, పాదాలకు మామూలు రబ్బరు చెప్పులు. అతని పక్కన మేనల్లుడు అభినవ్. ముప్పై రెండేళ్లు. కారు పని చూడ్డానికి మామ తరఫున నాలుగుసార్లు విదేశం పోయివచ్చింది అతనే. చేతిలోని ఫోన్‌ను కారు ముందు భాగం మీద పెట్టి, జలపతికి మర్యాదగా నమస్కారం చేశాడు.

"మీటరు చూడండి సార్. నాలుగు రోజుల కింద రెండు వందల పన్నెండు కిలోమీటర్లు. ఇప్పుడు రెండు వందల ముప్పై ఎనిమిది. ఇరవై ఆరు. ఇక్కన్నుంచి ఆ తోటకు సరిగ్గా ఇరవై ఆరే."

"మంచిగ సరిపోయింది," అన్నాడు జలపతి.

సరిగ్గా సరిపోయే అంకెలంటే అతనికి ఎప్పుడూ అనుమానమే. మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రం మీద వేలు రాశాడు. తర్వాత వెనక చక్రం. మిగతా రెండూ. లేచి నిలబడ్డాడు.

"దశరథం, ఇట్ల రా. టైరు మీద చెయ్యి పెట్టు."

"ఏముంది?"

"పెట్టు."

దశరథం విసుగ్గా వంగి రాశాడు. అతని వేళ్ల కింద సన్నటి రబ్బరు వెంట్రుకలు అటూ ఇటూ వంగాయి. కొత్త టైరు అచ్చులోంచి వచ్చినప్పుడు ఉండేవి.

"ఇవి రోడ్డుకు ఆనే కాడ ఉన్నయ్. హైదరాబాద్ నుంచి కోరుట్ల దాక తిరిగిన టైరుకు ఇవి మిగుల్తయా? ఈ బండి తోట దాక నడుచుకుంట పోలే. లారీల అచ్చింది, తోటల దిగింది. నువ్వు జాగ్రత్తగ మల్ల లారీల పెట్టి తెచ్చినవ్ గనుక ఈ వెంట్రుకలు బతికినయ్."

దశరథం ముఖం ఎర్రబడింది.

"టైర్లు మార్చిండచ్చు. దొంగోడు టైర్లకోసమే ఎత్కపోయిండచ్చు. నీకు పాత రోగం అన్నా. ఉన్నది ఇడిసిపెట్టి లేనిది ఎతుకుతవు. గా కేసుల గూడ గిట్లనే ఆలోచించుకుంట కూసున్నవ్, సాక్షి పోయిండు."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఒక్క క్షణం జలపతికి షెడ్డు గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. గడియారం వైపు చూశాడు. ఒకటీ నలభై ఏడు. ఎత్తి ఉంటే బతికేవాడన్న పాత వాదన లోలోపల మొదలు కాబోయింది. దాన్ని అక్కడే ఆపి హన్మండ్లు వైపు తిరిగాడు.

"గౌడ్ సాబ్, ఎనుక అద్దం మీద పైకప్పు బట్ట అంచు ఒక జానెడు ఇప్పుకోనిస్తరా?"

"మామా, వద్దు!" అన్నాడు అభినవ్. "ఆ కుట్టు మల్ల ఎయ్యాలంటే వాళ్ల మనిషే విమానంల రావాలె. బండి విలువ సగం పోతది."

హన్మండ్లు వంగి అద్దంలోంచి లోపలి పైకప్పు చూశాడు.

"మా నాయన రోజుకు ముప్పై తాళ్లెక్కేటోడు. నేను కింద నిలవడి పైకి చూసేటోన్ని. మోకు జారుతదేమోనని భయం," అన్నాడు. "ఈ బండిల కూసుంటే మల్ల గట్లనే పైకి చూడాలని చేపిచ్చిన. విలువ సంగతి తర్వాత. ఆ బట్ట నాదా కాదా అన్నది నాకు తెల్వాలె. ఇప్పు."

దశరథమే జేబులోంచి చిన్న కత్తి తీసిచ్చాడు. ఇవ్వడంలో ఒక సవాలు ఉంది. జలపతి వెనక సీటు మీద మోకాలు మోపి, అంచు కుట్టు ఒక్కొక్కటే తెంపాడు. పది కుట్లు. ఇరవై. లోపలికి మలిచిన పట్టు విచ్చుకుంది. అంచు ఎక్కడా కోయలేదు, నేసింది నేసినట్టే ఉంది. నీలం పోగు. దాని పక్కన నీలం పోగు. దాని పక్కన నీలం. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమాడు.

"పసుపు పోగు లేదు," అన్నాడు బయటికి వస్తూ.

"ఏం పోగు?" అన్నాడు దశరథం.

"వజ్రమ్మ ప్రతి బట్టకు మొదట ఒక పోగు పసుపుల ముంచి నేస్తది. ఈ బట్టకు అది లేదు."

దశరథం గట్టిగా నవ్వాడు. "గింతేనా? మర్చిపోయి ఉంటది. ఒక పోగు లేదని బండే నకిలీ అంటవా? ఇంటున్నరా గౌడ్ సాబ్?"

అభినవ్ కూడా నవ్వాడు. అతని ముఖంలో ఒక తేలిక. పెద్ద గండం గడిచిన మనిషికి మాట్లాడాలనిపిస్తుంది. జలపతికి అది తెలుసు. అందుకే ఊరికే నిలబడి ఎదురుచూశాడు.

"మర్చిపోవుడు గాదు సార్," అన్నాడు అభినవ్, చదువుకున్నవాడు తెలియనివాడికి విడమరిచినట్టు. "వాళ్ల పద్ధతి ఉంటది గద. మైలల నేసిన బట్టకు పసుపు ఎట్ల ఏస్తరు?"

జలపతి ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"ఎవల మైల?" అని మెల్లగా అడిగాడు జలపతి.

"అదే… ఆమె అత్త సచ్చిపోయింది గద. భూదేవమ్మ."

"ఆమె పోయింది ఆషాఢంల రా," అన్నాడు హన్మండ్లు. గొంతులో కోపం లేదు. అర్థం కాని దాన్ని అర్థం చేసుకుంటున్న మనిషి గొంతు. "నా బట్ట ఉగాదికి ముందే అచ్చింది. ఆ ముసలామే తెచ్చి నా చేతుల పెట్టింది. పసుపు పోగు చూపిచ్చి, ఇది కొయ్యద్దు బిడ్డా అన్నది. మైలల నేసిన బట్ట సంగతి నాకే తెల్వదు. నీకెట్ల తెలుసు?"

దశరథం నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. అతను ఏమీ అనకుండా రెండడుగులు వేసి షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అందరికీ తెలిసిన సంగతేనన్నట్టు అభినవ్ చెప్పేశాడు. పొద్దుటి దాకా అది తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. నేసిన మనిషి, నేయించుకుని నోరు మూయించిన మనిషి.

"అసలు బండి ఏడున్నది?" అన్నాడు జలపతి.

బయట గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు. ఒకటీ యాభై ఎనిమిది.

అప్పుడు మోగింది ఫోన్. జలపతిది కాదు. కారు ముందు భాగం మీద అభినవ్ పెట్టిన ఫోన్. రేకు మీద గరగరమని అదురుతూ, కొంచెం కొంచెం పక్కకు జరుగుతూ మోగుతోంది. తెర మీద పేరు లేదు, 'కంటైనర్' అన్న ఒక్క మాట ఉంది.

అభినవ్ ముందుకు దూకాడు. దశరథం అతని రెట్ట పట్టుకుని వెనక్కి లాగాడు. "ఎత్తన్నా!" అని అరిచాడు. మొదటిసారి ఆ గొంతులో ఎగతాళి లేదు.

జలపతి చెయ్యి లేవలేదు. ఒకసారి మోగింది. రెండోసారి. అవతల ఉన్నవాడు బండి ఏ రేవు దాటిందో, ఏ ఓడ ఎక్కబోతోందో చెప్పడానికి చేస్తున్నాడు. ఇది ఆగితే మళ్లీ మోగదు. తను తిరిగి చేస్తే వాడు ఎత్తడు. గేటు పక్క గదిలో కిటికీ ఊచల వెనక సత్తయ్య. మూడోసారి. ఆ రోజు కూడా మూడుసార్లే మోగింది.

నాలుగోసారి మోగుతుండగా జలపతి ఫోన్ అందుకుని, ఆకుపచ్చ గుర్తు మీద బొటనవేలు పెట్టి పక్కకు జరిపి, చెవికి ఆనించుకున్నాడు.